ఒక్కరోజు చేప, 364 రోజుల దమ్ము

మిరుగం వచ్చిందంటె నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ కాడ బారికేడ్లు పడ్తయ్. మత్స్యశాఖోళ్లు కొరమీను పిల్లలను తెస్తరు. ఆర్టీసీ స్పెషల్ బస్సులు నడిపిస్తది. జలమండలి నీళ్లు పెడ్తది, పోలీసోళ్లు లైన్లు కట్టిస్తరు, సేవా సంఘాలోళ్లు అన్నం వండి పెడ్తరు. టీవీల ఒక దిక్కు నమ్మకం అనేటోళ్లు, ఇంకో దిక్కు మూఢనమ్మకం అనేటోళ్లు కూసొని గంట సేపు కొట్లాడుతరు. రెండో రోజుకు గ్రౌండ్ ఖాళీ అయితది, చర్చ కూడ ఖాళీ అయితది. ఇగ మల్ల మిరుగం దాక ఆస్తమా గురించి మాట్లాడెటోడు కనవడడు.

ఈ పంచాయితీల నాదొక మాట ఉన్నది. చేపతోని దమ్ము పోతదని ఎవరూ పరీక్ష పెట్టి రుజువు చెయ్యలె. అట్లని ఆ లైన్ల నిలవడ్డ జనం తెలివి లేనోళ్లు కాదు. వాళ్లకు ఏది దొరుకుతలేదో ఆ లైను చెప్తున్నది. ఒక్కరోజు కోసం ఇన్ని శాఖలు కల్సి ఇంత మంచిగ పని చెయ్యగలిగినప్పుడు, మిగిలిన 364 రోజులు ఊరి దవాఖానల ఒక ఇన్హేలర్ ఎందుకు దొరకదు? నాకు ఇదే అసలు వార్త.

నేనుండేది లాల్‌దర్వాజ. దూద్‌బౌలి మాకు నడిచిపోయేంత దూరం. బత్తిని గౌడ్‌ల ఇల్లు ఆడనే. 1845ల ఒక సాధువు వాళ్ల పూర్వీకుడు వీరన్న గౌడ్‌కు ఈ మందు తయారు చేసుడు నేర్పిండని, పైసలు తీస్కోకుండ ఇయ్యమన్నడని వాళ్ల కుటుంబం చెప్తది. అప్పటిసంది పైసా తీస్కోకుండనే ఇస్తున్నరు. చేప పిల్లకు మాత్రం కౌంటర్ కాడ ధర ఉంటది. మిరుగం ముందు ఇంటి బావికి పూజ చేస్తరు, పసుపురంగు ముద్ద తయారు చేస్తరు. రెండు మూడు అంగుళాల బతికున్న కొరమీను నోట్ల ఆ ముద్ద పెట్టి, ఆ చేపను మనిషి గొంతుల ఏస్తరు. చేప తిననోళ్లకు బెల్లంల ఇస్తరు. తర్వాత 45 రోజులు పథ్యం. ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెలల్ల మూడు గోలీలు మింగాలె. ఇట్ల వరుసగా మూడేండ్లు.

మొదట్ల దూద్‌బౌలి గల్లీలల్లనే ఇచ్చేటోళ్లు. జనం దేశమంతటికెల్లి రావట్టిన్రు, గల్లీలు సరిపోలె, గ్రౌండ్‌లకు పోయింది. 2012ల కాటేదాన్‌ల పెట్టినప్పుడు తొక్కిసలాట అయి ఒకరి పానం పోయింది. కరోనా వల్ల 2020 నుంచి మూడేండ్లు ఇయ్యలె, 2023ల మల్ల మొదలైంది. అదే యేడు ఆగస్టుల బత్తిని హరినాథ్ గౌడ్ కాలం చేసిండు. ఆయన పోయినా కుటుంబం ఆపలె.

ఒకప్పుడు అందరు "చేప మందు" అనేటోళ్లు. జన విజ్ఞాన వేదికోళ్లు, ఇంకా హేతువాద సంఘాలోళ్లు, డాక్టర్లు దీని మీద ఎన్నో ఏండ్లు కొట్లాడిన్రు, కోర్టుల దాక పోయిన్రు. ఆ కొట్లాట నడుమ "మందు" పోయి "ప్రసాదం" అయింది. ఈ పేరు మార్పు చిన్నది కాదు. మన మందుల రూల్స్‌ల షెడ్యూల్ జె అని ఒకటుంటది. ఫలానా రోగాలను మా మందు నయం చేస్తదని ఏ మందు మీదా చెప్పొద్దని ఆ జాబితా. అండ్ల బ్రాంకియల్ ఆస్తమా కూడ ఉన్నది. మందు అంటె ఏమేం కలిపిన్రు, ఎంత మోతాదు, ఎవల మీద పరీక్ష చేసిన్రు అని అడగొచ్చు. ప్రసాదం అంటె ఎవలడుగుతరు? కండ్లకద్దుకొని తీస్కునుడే.

ఇగ లోపల ఏమైతదో చూద్దాం. మనం మింగింది అన్నం పోయే గొట్టంల పోతది, కడుపుల పడ్తది. దమ్ము ఉండేది గాలి పోయే గొట్టాలల్ల. ఈ రెండు దారులు గొంతు కాడనే వేరయితయ్. చేప కొట్టుకుంటు పోయి కఫాన్ని కడిగేస్తదని చెప్తరు గాని, అది పోయే తొవ్వల కఫమే లేదు. పొరపాటున గాలి గొట్టంల పడ్డదంటె అది నయం చేసుడు కాదు, పానం మీదికి తెచ్చుడు. ఆస్తమా ఉన్నోళ్లకు గాలి గొట్టాల లోపలి గోడలు ఎప్పుడూ కొంచెం వాచి ఉంటయ్. దుమ్మో, పొగో, చల్లగాలో, సర్దో తగిలితె చుట్టున్న కండరం బిగుసుకుంటది, జిగురు నిండుతది, పిల్లికూతలు మొదలైతయ్. పట్టు పోయినంక మనిషి మంచిగనే కనవడ్తడు గాని లోపలి వాపు పోదు. అందుకే ఇది రోజూ చూస్కోవాల్సిన రోగం, ఏడాదికోపాలి చూస్కుంటె సరిపోది.

మరి "నాకు తక్కువైంది" అనేటోళ్లు అబద్ధమాడుతున్నరా? కాదు. ఆస్తమా దానంతట అదే ఎక్కువ తక్కువ అయితది. కొందరికి సీజన్ మారితె నెమ్మదిస్తది. చిన్నప్పుడు దమ్ము ఉన్న పిల్లలల్ల మస్తుమందికి, ముఖ్యంగ మొగపిల్లలకు, వయసొచ్చేసరికి తగ్గుతది. ఎనిమిదేండ్ల పోరనికి మూడేండ్లు వరుసగా చేప ఏపిస్తె పదకొండేండ్లకు తక్కువైందంటె ఆ పేరు చేపకే పోతది. తగ్గనోడు టీవీ ముందలికి రాడు. వచ్చినా, పథ్యం సరిగ చెయ్యలేదని నింద వానిమీదనే పడ్తది.

మా మేనత్త సిరిసిల్ల దిక్కుకెల్లి ప్రతి మిరుగానికి వచ్చి మా ఇంట్ల దిగుతది. ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. తంబాకు గర్ద, కట్టెల పొయ్యి పొగ, రెండూ మింగింది. నేను గాలి గొట్టం, అన్నం గొట్టం బొమ్మ గీసి చూపెట్టి చెప్పిన. అంతా ఇని ఒక్కటే అన్నది: "బిడ్డా, నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కని దవాఖానల నన్ను ఎవలన్న కూసోమన్నరా? ఈడ మజ్జిగిచ్చిన్రు, పేరడిగిన్రు, అమ్మా ఇటు రా అన్నరు. ఆడ డాక్టర్ నా మొకం చూడకుండ చీటీ రాసిండు. ఆ చీటీల మందు ఆడ లేదు, బయట కొనుక్కోమన్నరు." ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయిన. చేపను తప్పుపట్టుడు అల్క. మజ్జిగను ఎట్ల తప్పుపడ్తం?

లెక్క చూస్తె కడుపుల దేవినట్టయితది. ప్రపంచవ్యాప్త రోగాల లెక్కల ప్రకారం మన దేశంల దాదాపు 3.4 కోట్ల మందికి ఆస్తమా ఉన్నది. ప్రపంచంల ఆస్తమా ఉన్నోళ్లల్ల మనది ఎనిమిదో వంతు దగ్గర. ఆస్తమాతోని చచ్చిపోయేటోళ్లల్ల మాత్రం నూటికి నలభై మందికి పైగా మనోళ్లే. రోగం అదే, మందులూ అవే. చావు మాత్రం మన దిక్కే ఎక్కువ. ఎందుకంటె రోగాన్ని ఆలస్యంగ పట్టుకుంటున్నం, పట్టుకున్నంక తప్పు మందు మింగుతున్నం.

తప్పు మందు అంటె, ఊర్ల దమ్ము వస్తె ఏం చేస్తరో మీకు ఎరుకే. ఆర్‌ఎంపీ కాడికి పోతరు. ఒక డెరిఫిలిన్ సూది, ఒక డెక్సా సూది. పావుగంటల దమ్ము దిగుతది, మనిషి లేచి ఇంటికి నడుస్తడు. పానం నిలవెట్టిండు కాబట్టి ఆయన దేవుడే. నేను ఆర్‌ఎంపీలను తిట్టను, అర్ధరాత్రి తలుపు కొడ్తె తీసేది వాళ్లే. కాని అదే స్టెరాయిడ్ గోలీ నెలల తరబడి మింగితె మొకం ఉబ్బుతది, షుగర్ వస్తది, బొక్కలు గుల్లయితయ్. ఏ గోలీలో తెల్వకుండ, పొట్లంల కట్టిచ్చిన "దమ్ము గోలీలు" మింగేటోళ్లు మస్తుమంది. మింగితె మంచిగుంటది, ఆపితె మల్ల వస్తది. గిదే గుర్తు.

ఇన్హేలర్ అంటె మాత్రం భయం. "పంపు పట్టినవంటె ఇగ ఇడిసిపెట్టది", "అది ఆఖరి మందు", "ఆడపిల్లకు పంపు ఉన్నదంటె సంబంధం రాదు". ఈ ఆఖరి మాట మస్తుమంది చెల్లెళ్ల పానం తీస్తున్నది, దాచిపెట్టుకొని బాత్రూంల కొట్టుకుంటున్నరు. జర లెక్క చూడుండ్రి. సాల్బుటమాల్ గోలీ 2 మిల్లీగ్రాములది గాని 4 మిల్లీగ్రాములది గాని ఉంటది. అదే మందు పంపుల ఒక్కపాలి కొడ్తె 100 మైక్రోగ్రాములే. అంటె ఒక 4 మిల్లీగ్రాముల గోలీ 40 పాలు పంపు కొట్టినంత. గోలీ కడుపులకు పోయి, నెత్తురుల కల్సి, ఒళ్లంత తిరిగి ఊపిరితిత్తులకు చేరాలె. పంపు మందు సీదా ఆడికే పోతది. చేతులు వణుకుడు, గుండె దడ గోలీతోనే ఎక్కువ. మరి బలమైన మందు ఏది, అల్కటిది ఏది?

ఇండ్ల ఇంకో మెలిక ఉన్నది. పంపులన్నీ ఒక్కటి కావు. సాల్బుటమాల్ పంపు బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తది. అందుకే కొట్టంగనే హాయిగుంటది. వాపును మాత్రం తగ్గియ్యది. వాపు తగ్గించేది బుడెసోనైడ్ లాంటి స్టెరాయిడ్ పంపు, మైక్రోగ్రాముల మోతాదుల. ఇది కొట్టంగనే ఏం తెల్వది, అందుకే జనం "ఇది పని చేస్తలేదు" అని పక్కకు పారేస్తరు. ఆస్తమా మీద ప్రపంచానికంత సలహా ఇచ్చే గీనా అనే సంస్థ 2019ల తన సలహానే మార్చింది. పెద్దోళ్లు, పెద్ద పిల్లలు సాల్బుటమాల్ ఒక్కటే కొట్టుకుంట బతుకొద్దు, ప్రతి ఒక్కలకు స్టెరాయిడ్ పంపు ఏదో ఒక తీరుగ అందాలె అన్నది. సాల్బుటమాల్ పంపు నెలకొకటి ఖతమైతున్నదంటె అది ప్రమాదం గంట. ఇంట్ల ఎవలకన్న అట్లయితుంటె డాక్టర్‌కు ఈ సంగతి చెప్పుండ్రి. ఇగ చేప మింగినంక ఆ స్టెరాయిడ్ పంపు బంద్ పెట్టుడు అన్నిటికన్న డేంజర్. ప్రసాదం తీస్కున్నోళ్లతోని కొట్లాట పెట్టుకోకుండ్రి, పంపు మాత్రం ఆపొద్దని చెప్పుండ్రి. మేనత్తతోని నేను చేసుకున్న ఒప్పందం అదే.

పిల్లలకు పంపు కొట్టుడు రాదు. ఊపిరి పీల్చుడు, నొక్కుడు ఒక్కటేపాలి కావాలె. స్పేసర్ అనే డబ్బా ఉంటె ఈ తిప్పలుండది. కొననీకె పైసల్లేకుంటె? 1999ల దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌ల డాక్టర్లు అర లీటర్ ప్లాస్టిక్ నీళ్ల సీసకు అడుగున పంపు మూతి పట్టేంత రంధ్రం చేసి, గాలి పోకుండ అతికించి, దమ్ముతోని వచ్చిన పిల్లలకు అండ్లకెల్లి మందిచ్చిన్రు. కొన్న స్పేసర్‌కు దగ్గరదగ్గరగనే పని చేసింది. లాన్సెట్ పత్రికల అచ్చయిన పరిశోధన అది. అతికించని సీస అంత మంచిగ పని చెయ్యలె, ఇంగ థర్మకోల్ గిలాస అన్నిటికన్న తక్కువ. మన గ్రౌండ్‌ల ఆ ఒక్కరోజు తాగి పారేసే నీళ్ల సీసలెన్నో లెక్క కట్టుండ్రి.

లైన్ల ఉన్నోళ్లందరిదీ ఆస్తమా కాదు. ఏండ్లకేండ్లు బీడీ తాగిన ముసలాయన, కట్టెల పొయ్యి ఊదిన అవ్వ, వీళ్లది ఎక్కువసార్లు సీఓపీడీ. గొట్టాలు పాడై మల్ల తెరుసుకోని రోగం. దీనికి మందు తీరు వేరు. స్పైరోమెట్రీ ఊదించి చూస్తె తేడా తెలుస్తది, ఎర్రగడ్డ ఛాతి దవాఖానల ఆ పరీక్ష ఉన్నది. కాని ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి ఎర్రగడ్డకు వచ్చుడు అంటె రెండ్రోజుల కైకిలి పోయినట్టే. ఇగ మనం చేసే పనులు కూడ చూడాలె. సిరిసిల్ల మరమగ్గాల కాడ దూది నుసి, జిన్నింగు మిల్లుల పత్తి దుమ్ము, వరంగల్ ఏనుమాముల మార్కెట్ల మిర్చి ఘాటు, రైస్‌మిల్లు తవుడు, వరికోత అయినంక కొయ్యకాళ్లు కాలవెట్టిన పొగ. దమ్ము దేవుడిచ్చిండని అనుకుంటం గాని, కొందరికి అది పని ఇచ్చింది. మాస్కు ఇయ్యని సేటును అడిగెటోళ్లెవరు? నాకైతె ఏ యూనియన్ జెండా మీద కూడ ఊపిరి ముచ్చట కనవడలె.

ఇప్పుడు సర్కారు కాడికొద్దాం. బీపీ, షుగర్‌కు రాష్ట్రంల ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటింటికి తిరిగి చూస్తున్నరు, గోలీల కిట్లు ఇచ్చిన్రు. అది మంచి పని. కేంద్రం తన అసంక్రమిత రోగాల కార్యక్రమం గైడ్‌లైన్స్ 2023ల మార్చి సీఓపీడీని, ఆస్తమాను కూడ అండ్ల కలిపింది. కాయితం మీద దారి తెరిచే ఉన్నది. సాల్బుటమాల్, బుడెసోనైడ్ రెండూ దేశ అత్యవసర మందుల జాబితాల ఉన్నయ్. మరి షుగర్ గోలీ ఇంటికొచ్చినట్టు పంపు ఎందుకు రాదు? ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ల 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. సంతోషమే. కాని ఆ పథకం ముఖ్యంగ దవాఖానల అడ్మిట్ అయినోళ్ల కోసం. నెలకు కొన్ని వందల పంపు దొరకక దమ్ము ముదిరి ఐసీయూల పడితె అప్పుడు లక్షలు పెడ్తరు. ఇదేం లెక్కనో నాకు సమజ్ కాదు. ఇంకోటి, 2024 అక్టోబర్‌ల కేంద్రం కొన్ని పాత మందుల గరిష్ఠ ధర 50 శాతం పెంచనిచ్చింది. అండ్ల సాల్బుటమాల్ గోలీలు, నెబులైజర్‌ల పోసే మందు కూడ ఉన్నయ్. తయారు ఖర్చు పెరిగింది, ధర పెంచకపోతె కంపెనీలు తయారీ ఆపేస్తయ్ అన్నరు. అది కొంత నిజమే కావచ్చు. కాని ఆ పెంపు భారం మోసేది నెల నెలా కొనేటోడే.

ఇదేం చెయ్యరాని పని కాదు. ఫిన్లాండ్ అనే చిన్న దేశం 1994ల పదేండ్ల ఆస్తమా కార్యక్రమం పెట్టుకున్నది. పెద్ద పెద్ద దవాఖానలు కట్టలె. ఊరి డాక్టర్‌కు, నర్సుకు, మందుల షాపాయనకు నేర్పిన్రు, వాపు తగ్గించే పంపు మొదటి రోజు నుంచే ఇచ్చిన్రు. పదేండ్లల్ల ఆస్తమాతోని దవాఖానల పండుకునే రోజులు సగానికి పైగా తగ్గినయ్. వాళ్లది పైసలున్న దేశం, మనది కాదు, నిజమే. అయితె మన కాడ ఆశా కార్యకర్త ఉన్నది, పల్లె దవాఖాన ఉన్నది, పట్నంల 2018 నుంచి బస్తీ దవాఖానలున్నయ్. నేర్పేటోళ్లు, మందు పంపేటోళ్లు కావాలె.

నేను చేప ప్రసాదం బంద్ పెట్టుమని అడగను. బంద్ పెడ్తె గల్లీలల్ల దొంగచాటుగ నడుస్తది, ఆడ అంబులెన్స్ కూడ ఉండది. నేనడిగేది వేరే. వచ్చే మిరుగానికి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌ల చేపపిల్లల కౌంటర్లు ఎన్ని ఉంటయో, ఛాతి డాక్టర్ల కౌంటర్లు అన్ని పెట్టుండ్రి. దమ్మున్నోళ్లు తమంతట తామే వేలల్ల ఒక్క కాడికి వచ్చే రోజు దేశంల ఇంకోటి ఉన్నదా? క్యాంపు పెట్టి డప్పు కొట్టినా అంత జనం రారు. లైన్ల నిలవడ్డప్పుడే పీక్‌ఫ్లో మీటర్ ఊదిపిచ్చి అంకె రాసియ్యుండ్రి, పంపు కొట్టుడు చూపెట్టుండ్రి, నెల మందు చేతికియ్యుండ్రి. ఊరు, ఫోన్ నంబర్ రాసుకొని ఆ ఊరి ఏఎన్ఎంకు పంపుండ్రి. ప్రసాదం తీస్కున్నోళ్లు ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల గోలీలు అస్సలు మర్శిపోరు. జూన్ 22, జూలై 6, జూలై 20, ఒక రోజు అటీటు. అవే రోజులల్ల ఆశా ఇంటికొచ్చి "అవ్వా, పంపు కొడుతున్నవా, ఒకపాలి చూపెట్టు" అని అడిగితె పథ్యం నడిచే 45 రోజులల్ల మూడు పాలు చూసినట్టయితది.

ఊర్లల్ల ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడే చెయ్యగలిగింది ఒకటున్నది. మీ పీహెచ్‌సీకి పోయి మూడు అడుగుండ్రి: సాల్బుటమాల్ పంపు ఉన్నదా, స్టెరాయిడ్ పంపు ఉన్నదా, నెబులైజర్ పని చేస్తున్నదా. లేదంటె పోయిన పన్నెండు నెలలల్ల ఏ నెల ఎన్ని వచ్చినయో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి, పది రూపాయలకు మించని ఫీజు, తెల్లరేషన్‌కార్డు ఉన్నోళ్లకు అది కూడ లేదు. 30 రోజులల్ల జవాబియ్యాలె. ఇంట్ల ఎవలన్న ఒక్క మాట పూర్తిగ మాట్లాడలేక ఆగుతుంటె, పెదవులు నీలం తిరుగుతుంటె, పంపు కొట్టినా దిగకుంటె ఆర్‌ఎంపీ కోసం చూడకుండ 108కి ఫోన్ చెయ్యుండ్రి.

మా మేనత్త ఈపాలి ఊరికి పోయేటప్పుడు సంచిల రెండు పంపులు, అడుగున రంధ్రం చేసి అతికించిన ఒక నీళ్ల సీస పట్కపోయింది. పంపులకు పైసలు మా నాయిన పెట్టిండు. అవి రెండు నెలలొస్తయ్. ఆ తర్వాతవి వాళ్ల పీహెచ్‌సీ నుంచి రావాలె, దరఖాస్తు రాసి ఆమె వేలిముద్రతోని పంపినం.